పాత అంబాసిడరు కొనేముందు...

మనదేశంలోని ప్రభుత్వరంగ సంస్థల చరిత్రను ఎవరైనా సమగ్రంగా వ్రాయదలిస్తే, అందులో ఒక అధ్యాయాన్ని అంబాసిడరు కారుకు కేటాయించక తప్పదు. కర్మాగారం గేటు దాటి వచ్చే తెల్లని అంబాసిడరును చూడగానే సెక్యూరిటీ సిబ్బంది అప్రయత్నంగా సెల్యూటు చేసేవారు. ఆ సెల్యూటు లోపల కూర్చున్న అధికారికా, లేక కారుకా అన్నది తేలని ప్రశ్నగానే మిగిలిపోయింది. పెండ్లి ఊరేగింపుకు, ఆస్పత్రి ప్రయాణానికి, తిరుపతి యాత్రకు, ఎన్నికల ప్రచారానికి అదే వాహనం. ముందు సీటులో ముగ్గురు, వెనుక సీటులో నలుగురు, డిక్కీలో ఊరగాయ జాడీలతో సహా సామానంతా సర్దుకొని ప్రయాణం చేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

2014 మే 24న ఉత్తర్‌పారా కర్మాగారంలో దాని ఉత్పత్తి ఆగిపోయింది. నాటినుండి అంబాసిడరు నిత్యావసర వాహనం అనే స్థానాన్ని వదలి, అభిమాన వస్తువు అనే స్థానానికి చేరుకొన్నది. సర్వీసులో ఉన్నంతకాలం ఆఫీసు అంబాసిడరును దూరం నుండి చూసినవారు, పదవీ విరమణ తరువాత తమకంటూ ఒకటి ఉండాలని ముచ్చటపడడం సహజమే. ఆ ముచ్చటను కాదనడం ఈ వ్యాసం ఉద్దేశ్యం కాదు. అయితే గ్రాట్యుటీ డబ్బునుండి, పిల్లల చదువులకోసం దాచిన సొమ్మునుండి ఖర్చు పెట్టేటపుడు, కొన్న బండిలో భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకొని రోడ్డు మీదికి వెళ్ళేటపుడు, ముచ్చటకు తోడుగా మెలకువ కూడా ఉండాలి. ఆ మెలకువకు అవసరమైన విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

విలాయతు వంశం

అంబాసిడరు మనదేశంలో తయారైన కారే అయినా, దాని వంశం మాత్రం ఇంగ్లండుది. ఆక్స్‌ఫర్డు పట్టణంలో సైకిళ్ళు బాగుచేస్తూ జీవితం ప్రారంభించిన విలియం మోరిస్, 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే కారును మార్కెట్టులోకి తెచ్చాడు. ఆ పేరుతో ఎన్నో తరాల కార్లు వచ్చాయి. 1952లో మోరిస్, ఆస్టిన్ సంస్థలు కలసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. 1954లో ఆక్స్‌ఫర్డు సీరీస్ 2, 1956లో సీరీస్ 3 వెలువడ్డాయి. ఈ సీరీస్ 3 కారే మన అంబాసిడరుకు మాతృక. 1959లో ఇంగ్లండులో దాని స్థానంలోకి పూర్తిగా కొత్త రూపం గల కారు వచ్చింది. అక్కడ మూడేళ్ళలో ముగిసిన ఆ రూపం ఇక్కడ 57 ఏళ్ళు బ్రతికింది!

బిర్లా వర్గానికి చెందిన హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, తరువాత హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాకు తరలివచ్చింది. మోరిస్ కార్లనే హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ల్యాండ్‌మాస్టర్ అనే పేర్లతో తయారు చేసి, 1957లో అంబాసిడరును ప్రారంభించింది. మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు కూడా బ్రిటిష్ వంశానిదే. ఈ వ్యాసంలో చెప్పే పరీక్షలలో ఎక్కువభాగం ఆ కాలపు బ్రిటిష్ కార్లన్నింటికీ వర్తిస్తాయి.

ఈ చరిత్ర తెలుసుకోవడం కేవలం కాలక్షేపానికి కాదు. బండి ఏ తరానిదో గుర్తించగలిగితేనే దాని ఇంజను ఏది, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, అడుగుతున్న ధర న్యాయమైనదా కాదా అనే ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది. మొదటి అంబాసిడర్లలో 1476 సి.సి. సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి’ సీరీస్ కుటుంబానికి చెందిన ఈ ఇంజను దీర్ఘాయుష్షుకు పేరు పొందింది. 1960 దశకం ఆరంభంలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా వచ్చాయి. 1980 ప్రాంతంలో డీజిలు అంబాసిడరు రోడ్డెక్కింది. 1990 దశకం ఆరంభంలో ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు గల 1800 ఐ.ఎస్.జెడ్. వెలువడింది.

పాతదనానికి విలువ పెరిగినకొద్దీ, కొత్త తరం బండికి పాత తరం గ్రిల్లు, బంపర్లు తగిలించి మార్క్ 1 గానో, మార్క్ 2 గానో అమ్మజూపడం కూడా పెరిగింది. కనుక ముఖం చూసి తరాన్ని నిర్ణయించకూడదు. కాగితాలలోని సంవత్సరం, చాసిస్ నెంబరు, ఇంజను రకం ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

ముందు కాగితాలు, తరువాతే కారు

బండిని చూసి మనసు పారేసుకొన్న తరువాత కాగితాలు చూసేవారికి అందులోని లోపాలు కనబడవు. అందుచేత ముందు కాగితాలే చూడాలి.

మొదటిది ఆర్.సి. అందులోని చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీద ఉన్న నెంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. నెంబరు మీద పలుచని కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకొంటే సందేహం ఉండదు. చెక్కిన అంకెల చుట్టూ కొత్త రంగు గాని, రుద్దిన గుర్తులు గాని, వెల్డింగు మచ్చ గాని కనిపిస్తే ఆ బేరం అక్కడితో ఆపివేయడమే క్షేమం. చాలా అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను అమర్చారు. గ్యాసు కిట్లు కూడా బిగించారు. ఆ మార్పు ఆర్.సి.లో నమోదు కాకపోతే, రేపు ఫిట్‌నెస్ పరీక్షలోను, ప్రమాదం జరిగితే బీమా క్లెయిములోను చిక్కులు తప్పవు.

రెండవది రిజిస్ట్రేషన్ గడువు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. గడువు దాటి ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న బండిని కొంటే, బకాయి పన్ను, ఆలస్య రుసుము అన్నీ కొన్నవారి మెడకే చుట్టుకొంటాయి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి కార్యాలయం ఇచ్చే ఎన్.ఓ.సి., ఇక్కడ చెల్లించవలసిన జీవితపు పన్ను ముందే లెక్క వేసుకోవాలి. ఢిల్లీ పరిసరాలలో పాత వాహనాలపై న్యాయస్థానాల ఆదేశాలు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చాయి. అక్కడ పోస్టింగు ఉన్నవారు తాజా స్థితిని రవాణా కార్యాలయంలో విచారించిన తరువాతనే అడుగు వేయాలి.

మూడవది మన పాఠకులకు ప్రత్యేకంగా సంబంధించినది. ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ పాత అంబాసిడర్లను కండెమ్ చేసి వేలం వేసేవి. ఉద్యోగులే వాటిని పాడుకొని ఇంటికి తెచ్చుకొన్న సందర్భాలు ఎన్నో. ఇపుడు ఆ దారి మూతపడింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, ప్రభుత్వరంగ సంస్థల పేరున ఉన్న 15 ఏళ్ళు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుండి రద్దవుతున్నది. వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పంపాలి. కనుక “ఆఫీసు బండి, మొన్ననే వేలంలో వచ్చింది, కాగితాలు నిదానంగా వస్తాయి” అని ఎవరైనా అంటే ఆ మాటను నమ్మరాదు. పాత వేలాలలో వ్యక్తుల పేర్లకు సక్రమంగా బదిలీ అయిన బండి అయితే ఆ బదిలీ ఆర్.సి.లోనే కనిపిస్తుంది.

యాభై ఏళ్ళు దాటిన కార్లకు 2021 జూలైలో వచ్చిన నిబంధనలు ‘వింటేజి’ అనే ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచాయి. నెంబరు పలకలో ‘వి.ఎ.’ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తిరిగి రిజిస్టరు చేయించడానికి 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించారు. అయితే ఆ వర్గంలో చేర్చిన బండిని నిత్యం రోడ్డు మీద వాడుకోవడానికి వీలులేదు. ప్రదర్శనలు, ర్యాలీల వంటి సందర్భాలకే అనుమతి. మనుమలను రోజూ బడికి దింపాలనుకొనేవారు ఈ వర్గం జోలికి పోకూడదు.

పాత అప్పు తీరినట్లు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30, చెల్లుబాటులో ఉన్న బీమా పత్రం ఇవన్నీ చేతికి వచ్చిన తరువాతే పూర్తి సొమ్ము చెల్లించాలి.

పైన పటారం, లోన లొటారం

ఇక కారు దగ్గరకు వద్దాం. కొనేవారు సాధారణంగా మొదట ఇంజను చూస్తారు. తెలిసినవారు మొదట కారు క్రిందికి వంగి చూస్తారు. దీనికి కారణం ఉంది. అంబాసిడరుకు లారీలకు వలె విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్ కూడా. నేల రేకు, తలుపుల క్రింది పెట్టె దూలాలు, ముందు వెనుక అడ్డపట్టీలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఇంజను చెడితే మరొకటి అమర్చవచ్చు. ఎముకల గూడు కుళ్ళితే కారే లేనట్లు.

ఇంగ్లండులో చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పు ఈ కార్లను తినివేసింది. మనకు ఆ బెడద లేదు గాని, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి అదే పని నెమ్మదిగా చేస్తుంది. వర్షాకాలంలో తడిసిన కార్పెట్టును ఆరబెట్టకుండా వదిలిన బండికి నేల రేకు పైనుండి తుప్పు పడుతుంది.

చూడవలసిన చోట్లు ఇవి: తలుపుల క్రింది దూలాలు, జాకీ ఎత్తే చోట్లు, ముందు సీటు క్రింద నేల రేకు, డిక్కీలో స్టెప్నీ ఉండే చోటు, వెనుక కమాను కట్టల కొనలు బాడీకి తగులుకొనే చోట్లు, ముందువైపు టార్షన్ బార్లు బిగించే అడ్డపట్టీ. చివరి రెండూ మరీ ముఖ్యం. కారు బరువంతా వాటిమీదే ఆధారపడి ఉంటుంది. చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే చోటే సడలితే ప్రయాణం మధ్యలో జరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకు ఉన్నచోట అది అతుక్కొంటుంది. రేకు పోయి పుట్టీ నింపిన చోట జారిపోతుంది. స్క్రూడ్రైవరు పిడితో దూలాల మీద తట్టితే గట్టి రేకు గణగణమంటుంది, కుళ్ళినది దబదబమంటుంది. అడుగున నల్లని తారు పూత తళతళలాడుతూ కొత్తగా కనిపిస్తే సంతోషించవద్దు, అనుమానించాలి. అమ్మకానికి ముందురోజు పూసిన పూత రక్షణకోసం కాదు, దాపరికంకోసం. నిగనిగలాడే కొత్త రంగు విషయంలోనూ ఇదే సూత్రం. పని మధ్యలో తీసిన ఫోటోలు, టింకరింగు షెడ్డు బిల్లులు చూపగలిగిన యజమాని మాట వేరు.

నాలుగు తలుపులనూ ఒక్కొక్కటిగా తెరచి మూసి చూడాలి. తెరచినపుడు తలుపు క్రిందికి వాలితే మడతబందులు అరిగినట్లు. ఇది చిన్న విషయం. కాని మూసిన తలుపు చుట్టూ సందు ఒకచోట వెడల్పుగా, మరొకచోట ఇరుకుగా ఉంటే బాడీయే వంగినట్లు. ఇది పెద్ద విషయం.

గుండె చప్పుడు

ఇంజను పరీక్షకు ఉదయాన్నే వెళ్ళడం మంచిది. వెళ్ళగానే బానెట్ మీద చేయి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేశారన్నమాట. చల్లని ఇంజను చెప్పే నిజాలను వేడెక్కిన ఇంజను దాచిపెడుతుంది. అటువంటపుడు మరొకరోజు చెప్పకుండా వెళ్ళడం ఉత్తమం.

స్టార్టు చేయకముందే రేడియేటరు మూత విప్పి చూడాలి. నీటిమీద నూనె తెట్టు ఉండకూడదు. ఇంజను ఆయిలు పోసే మూత లోపల పాలమీగడ వంటి పదార్థం పేరుకొని ఉంటే ఆయిలులో నీరు కలుస్తున్నదేమోనని హెడ్డు గాస్కెట్టును అనుమానించాలి.

స్టార్టు చేసిన తరువాత పొగను గమనించాలి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీరు సిలిండరులోకి చేరుతున్నది. నడుపుతూ పల్లంలో యాక్సిలరేటరు వదలి, మరల నొక్కినపుడు గుప్పుమని నీలిపొగ వస్తే వాల్వు గైడ్లు అరిగి ఉండవచ్చు. ఎప్పుడూ నిలకడగా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగి ఉంటాయి.

పెట్రోలు ఇంజనులో దీనిని నిర్ధారించుకోవడానికి కంప్రెషను పరీక్ష చేయించాలి. ఏ మంచి మెకానిక్కు వద్దనైనా గేజి ఉంటుంది. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. తేడా పది శాతం మించకపోవడం ఆరోగ్య లక్షణం. ఒక సిలిండరులో తక్కువ వస్తే అందులో ఒక చెంచా ఆయిలు పోసి మరల చూడాలి. అంకె పెరిగితే లోపం రింగులలో ఉంది. పెరగకపోతే వాల్వులలో ఉంది. ఈ చిన్న పరీక్షతో బోరింగు అవసరమా, వాల్వులు సరిచేయడంతో సరిపోతుందా అన్నది తేలిపోతుంది. రెండింటి ఖర్చుకు ఎంతో వ్యత్యాసం ఉంది.

కొన్ని చప్పుళ్ళకు భయపడనక్కరలేదు. ‘బి’ సీరీస్ ఇంజనులో పైనుండి వచ్చే టిక్కు టిక్కు శబ్దం సామాన్యంగా టాపెట్ల సర్దుబాటుకు సంబంధించినది. ఈ కుటుంబపు పాత ఇంజన్లలో క్రాంకుషాఫ్టు వెనుకభాగాన రబ్బరు సీలుకు బదులు నూనెను వెనక్కి తిప్పే గాడి మాత్రమే ఉంటుంది. అందుచేత నిలిపిన చోట నాలుగు నూనె చుక్కలు పడడం దాని పుట్టుకతో వచ్చిన అలవాటు. ధారగా కారితే మాత్రం ఆలోచించాలి. అడుగునుండి దడదడమని బరువైన చప్పుడు వస్తూ, ఆయిలు ప్రెషరు వేడిమీద పడిపోతుంటే బేరింగులు పోయినట్లే.

పెట్రోలు మారింది

ఈ ఇంజన్లను రూపొందించిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు. ఎగ్జాస్టు వాల్వు కూర్చొనే పీఠాన్ని అది ఒక పూతవలె కాపాడేది. మనదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం కలపడం పూర్తిగా ఆగిపోయింది. పాత పోతయినుప హెడ్డు గల ఇంజనును ఎక్కువ వేగంతో, ఎక్కువ దూరాలు నడిపితే ఆ పీఠాలు క్రమంగా అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. హెడ్డులో గట్టి ఉక్కు ఇన్‌సర్టులు వేయించారా అని యజమానిని అడగాలి. వేయించి ఉంటే అది ఆ బండికి ఒక మంచి గుణం. లేకపోతే హెడ్డు విప్పే అవసరం వచ్చినపుడు వేయించుకోవచ్చు.

2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం దేశమంతటా అమలులోకి వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బొరేటరు వాషర్లు దీనికి తట్టుకొనేలా తయారైనవి కావు. అవి మెత్తబడడం, పగుళ్ళివ్వడం జరుగుతుంది. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది గనుక, నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు పెరుగుతుంది. బానెట్ తెరచినపుడు పెట్రోలు వాసన వస్తే తేలికగా తీసుకోవద్దు. వేడి ఇంజను మీద ఒక్క చుక్క చాలు నిప్పంటుకోవడానికి. బండి కొన్న మొదటివారంలోనే ఇంధనపు గొట్టాలన్నీ మార్పించడం తప్పనిసరి ఖర్చుగా భావించాలి.

గేర్లు, ఇరుసు

స్టీరింగు ప్రక్కన ఉండే గేరు లివరు అంబాసిడరుకు ప్రత్యేక శోభ. లివరు నుండి గేరుపెట్టె వరకు ఉన్న కడ్డీలు, బుష్షులు అరిగితే గేరు ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వస్తుంది. ఇది చవకగా బాగయ్యే లోపమే. అసలు పరీక్ష వేరే ఉంది. మూడవ గేరు నుండి రెండవ గేరుకు దించినపుడు కరకరమంటే సింక్రోమెష్ అరిగినట్లు. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలినపుడు లివరు తనంతట తానే న్యూట్రలులోకి జారిపోతే గేరుపెట్టె విప్పక తప్పదు. బండి పూర్తిగా ఆగకుండా మొదటి గేరు వేస్తే వచ్చే చప్పుడు లోపం కాదు. ఆ పాత పెట్టెలలో మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండదు.

హ్యాండుబ్రేకు వేసి, మూడవ గేరులో క్లచ్చి నెమ్మదిగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్చి పలక అరిగినట్లు. బయలుదేరేటపుడు అడుగున టక్కుమంటే ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు చూడాలి. వేగం పెరిగినకొద్దీ వెనుకనుండి ఈలవంటి రొద పెరిగితే డిఫరెన్షియలు అరిగి ఉంటుంది.

ప్రాణంతో సంబంధమున్నవి

స్టీరింగు, బ్రేకుల విషయంలో రాజీ పనికిరాదు. ఒక ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, పైన క్రింద పట్టుకొని ఊపి చూడాలి. కదలిక ఉంటే మరొకరిచేత బ్రేకు నొక్కించి మరల ఊపాలి. కదలిక ఆగిపోతే లోపం చక్రపు బేరింగులో ఉంది. ఆగకపోతే చక్రం తిరిగే పిన్ను, దాని బుష్షులలో ఉంది. ఈ భాగాలకు క్రమం తప్పక గ్రీజు ఎక్కించాలి. గ్రీజు నిపుల్సు ఎండిపోయి, మట్టి గట్టిపడి ఉంటే ఆ బండి ఎటువంటి పోషణలో పెరిగిందో అర్థమవుతుంది.

పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు ఆయిలు అంతా ఒకే మార్గంలో నడుస్తుంది. ఒక్కచోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. బ్రేకు పెడలును గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే ఉంచండి. కాలు క్రింద పెడలు నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టరు సిలిండరు సీళ్ళు పోయినట్లో, ఎక్కడో కారుతున్నట్లో లెక్క. చక్రాల లోపలివైపు తడి మచ్చలున్నాయేమో టార్చిలైటుతో చూడాలి. ఖాళీ రోడ్డుపై మితమైన వేగంలో బ్రేకు వేసి, బండి ఒక ప్రక్కకు లాగుతున్నదేమో గమనించాలి.

టైర్ల గీతలు లోతుగా ఉన్నంతమాత్రాన అవి మంచివి కావు. అంచుమీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్ళ తరబడి ఎండలో నిలిచిన టైరు లోలోపల పగిలి ఉంటుంది.

ఇక్కడ ఒక కఠిన సత్యాన్ని చెప్పుకోవాలి. బ్రేకులు, స్టీరింగు కొత్తవాటివలె చేయించినా, పాత అంబాసిడరు నేటి కార్లంత సురక్షితం కాదు. అది రూపొందిన కాలంలో గాలిసంచులు లేవు, ఢీకొన్నపుడు దెబ్బను తాము తిని లోపలివారిని కాపాడే ముందుభాగాలు లేవు. పాతవాటిలో సీటు బెల్టులు కూడా ఉండవు. దృఢమైన బిందువులకు బెల్టులు అమర్పించుకోవడం, మితమైన వేగంతో నడపడం, జాతీయ రహదారులపై రాత్రి ప్రయాణాలు మానడం యజమాని పాటించవలసిన కనీస నియమాలు.

వైర్లు

ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. మనకు అలవాటైనది దీనికి వ్యతిరేకం. తెలియక బ్యాటరీని తిరగవేసి కలిపితే ఎలక్ట్రానిక్ పరికరాలు ఒక్క క్షణంలో మాడిపోతాయి. ఏ పద్ధతిలో ఉందో, మధ్యలో మార్చారేమో అడిగి తెలుసుకోవాలి. డాష్‌బోర్డు క్రింద తల పెట్టి చూస్తే రంగురంగుల అతుకుల తీగలు, ఇన్సులేషన్ టేపు ముడులు గుత్తులుగా వేలాడుతుంటే మొత్తం వైరింగు మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇంటిల్లిపాదీ పరీక్షకులే

నడిపి చూసేటపుడు ఒంటరిగా వెళ్ళవద్దు. కనీసం అరగంట, ఇరవై కిలోమీటర్లు నడపాలి. ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత ట్రాఫిక్కులో ఆపి, టెంపరేచరు ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో చూడాలి. వేడిమీద ఆపివేసి పది నిమిషాల తరువాత సెల్ఫు కొట్టినపుడు స్టార్టు కావాలి. ఇంటి ఇల్లాలిని వెనుక సీటులో కూర్చోబెట్టండి. స్టీరింగు పట్టుకొన్నవారు ఆనందంలో ఉంటారు గనుక వారికి వినబడని చప్పుళ్ళు, సోకని పొగవాసన వెనుక కూర్చున్నవారికి తెలుస్తాయి. పైగా ఆ కారుకోసం కుటుంబ బడ్జెటులో కోత పడేది ఎక్కడో చెప్పగలిగినది కూడా ఆమెయే.

ఇంగ్లండులో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న కార్లకు ఏటేటా చేయించే ప్రభుత్వ పరీక్షనుండి 2018లో మినహాయింపు లభించింది. అయినా అక్కడ జాగ్రత్తగల కొనుగోలుదారు ఆ పరీక్షను స్వచ్ఛందంగా చేయించిన బండినే కోరుకొంటాడు. మనమూ మనకు నమ్మకమైన మెకానిక్కును, అందులోనూ అంబాసిడరు మీద చేయి తిరిగినవారిని వెంట తీసుకొని వెళ్ళాలి. అమ్మేవారు చూపిన మెకానిక్కు మాట చెల్లదు.

కొన్నది వంకాయ...

‘కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ’ అనే సామెత పాత కార్ల విషయంలో అక్షరాలా నిజమవుతుంది. కేవలం ఉదాహరణకోసం కొన్ని అంకెలు వేసుకొందాం. అడిగిన ధర 2,00,000 రూపాయలు. తుప్పు పనికి 60,000, ఇంజనుకు 50,000, బ్రేకులు, స్టీరింగు భాగాలకు 25,000, టైర్లకు 24,000, వైరింగుకు, సీట్లకు 30,000 అవుతాయని మెకానిక్కు అంచనా వేశాడనుకొందాం. మొత్తం మరమ్మత్తు 1,89,000. అంటే కారు అసలు ధర 3,89,000 అన్నమాట. అదే సొమ్ముకు లోపాలన్నీ సరిచేసి, బిల్లులతో సహా పదిలపరచిన బండి దొరుకుతున్నదా అని ముందు విచారించాలి. తరచుగా దొరుకుతుంది. చవక బండి కొని బాగుచేసుకొనే కంటే, బాగుచేసిన బండిని కొంచెం ఎక్కువ పెట్టి కొనడమే లాభం.

విడిభాగాల గురించి మరీ బెంగ అవసరం లేదు. లక్షలాదిగా తిరిగిన బండి కనుక వాటర్ పంపు, క్లచ్చి పలక, బ్రేకు సిలిండర్ల వంటివి కోల్‌కతా మల్లిక్ బజారు, చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెదికితే దొరుకుతాయి. మొదటి తరాల గ్రిల్లు, మీటర్లు, లైట్ల గాజులు, క్రోమియం పట్టీలు మాత్రం దుర్లభం. అందుచేత ఇంజనులో చిన్న లోపం ఉన్నా పరవాలేదు గాని, అలంకార భాగాలన్నీ పూర్తిగా ఉన్న బండినే ఎన్నుకోవాలి.

ఆఖరుగా ఒక్క మాట. పరీక్షలన్నీ ముగిసిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. కాగితాలు స్వచ్ఛంగా ఉన్నాయా? బాడీ అడుగుభాగం గట్టిగా ఉందా? మరమ్మత్తు ఖర్చుతో కలిపి ధర మన శక్తికి లోబడి ఉందా? మూడింటికీ ఔనన్న సమాధానం వస్తే నిస్సంకోచంగా కొనండి. ఒక్కదానికి కాదని వచ్చినా, అమ్మేవారికి నమస్కారం చెప్పి తిరిగి వచ్చేయండి. వాయిదా వేసిన కొనుగోలు వలన ఎవరి ఇల్లూ గుల్ల కాలేదు. మరొక ఊళ్ళో, మరొక షెడ్డులో, శ్రద్ధగల యజమాని చేతిలో మంచి అంబాసిడరు ఒకటి తప్పక ఉంటుంది. దానిని ఓపికగా వెదికి పట్టుకొన్నవారికి అది మరొక తరం వరకు సేవ చేయగలదు.